గాల్లో బిగించిన బోల్టులు

సీతాదేవి గారి ఎర్ర కారుని వాళ్ళాయన నడుపుకుంటూ వచ్చాడంటేనే ఉపేంద్ర గుండెల్లో రాయి పడింది. ద్వారకానాథ్ గారికి ఆ బండంటే గిట్టదు. ముప్పై ఏళ్ళ నాటి జపాను స్పోర్ట్స్ కారు, రెండే రెండు సీట్లు, నేలకి జానెడు ఎత్తు. ఎక్కాలంటే ముడుచుకోవాలి, దిగాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. "ఇది కారు కాదోయ్, చక్రాలున్న స్నానాల తొట్టి" అంటారాయన ఎప్పుడూ. డెబ్బై ఏళ్ళ మనిషి, అందులోనూ రిటైరైన డాక్టరు, మోకాళ్ళ సంగతి ఆయనకి ఒకరు చెప్పాలా! అలాంటి మనిషి శనివారం పొద్దున్నే మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్‌లో ఆ చివర నుంచి ఈ చివరికి ఒక్కడే వచ్చి, ఉపేంద్ర గరాజ్ ముందు బండి ఆపి, తలుపు పట్టుకుని మూలుగుతూ దిగాడు.

"అక్క రాలేదేంటి బావగారూ?" అన్నాడు ఉపేంద్ర.

"మీ అక్క ఇంక నడపదు. బండి అమ్మేద్దాం అనుకుంటున్నాం. బుధవారం ఎవరో చూడ్డానికి వస్తామన్నారు. బండి బాగుందని రోడ్‌వర్తీ సర్టిఫికెట్ ఉండాలిగా, నువ్వోసారి కిందా మీదా చూసిపెట్టు."

"ఆ లెటర్‌బాక్స్ గొడవకేనా? దానికే అమ్మేయడమేంటండీ!"

డాక్టరు గారు గరాజ్‌లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డారు. "లెటర్‌బాక్స్ పోతే పోయింది. చేతులోయ్, చేతులు. స్టీరింగ్ పట్టుకుంటే వణుకుతోందని జనవరి నుంచీ అంటోంది. బండిలో ఏం లేదని నువ్వు చెప్పావు. బండిలో లేకపోతే మరెక్కడున్నట్టు? మంగళవారం న్యూరాలజిస్ట్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నేను భయపడుతున్న నరాల జబ్బే అయితే ఇది మొదలు మాత్రమే." ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. తుడవాల్సింది అద్దాలు కాదని ఉపేంద్రకి తెలుస్తూనే ఉంది.

వరసకి అక్కాబావలే గానీ వాళ్ళతో ఉపేంద్రకి చుట్టరికం లేదు. వాళ్ళది కాకినాడ, ఇతనిది అమలాపురం. పదిహేనేళ్ళ కిందట అతని భార్య నీలిమకి కూతురు రుచిత పుట్టినప్పుడు ఇటు తల్లి గానీ అటు అత్తగారు గానీ వీసా దొరక్క రాలేకపోతే, స్కూల్లో లెక్కలు చెప్పే సీతాదేవి మూడు వారాలు సెలవు పెట్టి వచ్చి బాలింతకి పథ్యం వండి పెట్టింది, పసిదానికి నలుగు పెట్టి నీళ్ళు పోసింది. ఆ రోజు నుంచీ ఆవిడ అక్క, ఈయన బావగారు.

బావగారు ఊబర్ పిలుచుకుని వెళ్ళిపోయారు. ఉపేంద్ర జాకీ పెట్టి బండి ముందు భాగం ఎత్తి, కింద స్టాండ్లు పెట్టి, రెండు చక్రాలూ ఊడదీశాడు. టార్చి పట్టుకుని ఎడమ చక్రం వైపు కిందకి దూరాడు. ఏం కనబడబోతోందో దూరకముందే తెలుసని ఒప్పుకోవాలంటే ఇంకా ధైర్యం కావాలి. ఆ ధైర్యమే ఉంటే కథ ఇంతదాకా వచ్చేదా!

చక్రాన్ని బండికి కలిపి ఉంచే ఇనప కమ్మీలుంటాయి, ఆర్ములంటారు. వాటి మొదట్లో, అవి కదిలే చోట, గుప్పిట్లో పట్టేంత రబ్బరు బుష్‌లుంటాయి. రోడ్డు కొట్టే దెబ్బలన్నీ తినేది అవే. ఎడమవైపు కింది ఆర్ము వెనక బుష్ రబ్బరు సగం చుట్టూ చీలిపోయి ఉంది. ఉపేంద్ర ఒక రాడ్డు ఆనించి నొక్కితే ఆర్ము అంగుళం దాకా వెనక్కి జరిగి, వదిలితే ముందుకొచ్చింది. అంటే బ్రేకు తొక్కినప్పుడల్లా ఎడమ చక్రం వెనక్కి జరిగి, దిశ మారి, బండి ఎడమకి లాగుతుంది, స్టీరింగ్ గజగజలాడుతుంది. కుడివైపు బుష్ కూడా అంచుల్లో పగుళ్ళు వేస్తోంది. ఇవి ముప్పై ఏళ్ళ నాటి పాత బుష్‌లు కావు. అయిదు నెలల కిందట ఉపేంద్ర తన చేతులతో వేసిన కొత్తవి.

అతను కింద అలాగే వెల్లకిలా పడుకుండిపోయాడు. వీపుకి కాంక్రీటు చల్లగా తగులుతోంది. పైకి లేవాలనిపించలేదు.

నవంబరులో ఒక ఆదివారం ఆ పని చేశాడు. ఉపేంద్ర మెకానిక్ కాడు, డాండినాంగ్‌లో డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో మెకానికల్ ఇంజినీరు. అయితేనేం, క్లైడ్ నార్త్ తెలుగువాళ్ళలో ఎవరి బండి దగ్గినా తుమ్మినా ముందు మోగేది అతని ఫోనే. పాత బుష్‌లని ఫ్యాక్టరీ ప్రెస్ మీద నొక్కి ఊడదీశాడు. కొత్తవాటిని కాస్త కుంచించుకుపోతే సులువుగా దిగుతాయని ముందు రోజే ఫ్రీజర్‌లో, కొబ్బరి కోరు పొట్లాలకీ మునక్కాడ ముక్కలకీ మధ్య పెట్టాడు. నీలిమ తిట్టింది, తిట్టించుకున్నాడు. అంతా పద్ధతిగా చేశాడు, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ ఇదీ. రబ్బరు బుష్‌లున్న బోల్టుల్ని ముందు చేత్తో వదులుగా తిప్పి ఉంచాలి. చక్రాలు వేసి, బండిని నేలకి దించి, దాని బరువు దాని కాళ్ళ మీద పడ్డాక, అప్పుడు కింద దూరి చివరి బిగింపు బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, బండి కిందకి దిగిన క్షణం నుంచీ ఆ రబ్బరు మెలితిరిగే ఉంటుంది. మనిషి మెడని ఒక పక్కకి తిప్పి కట్టేసి, ఇంక బతుకు అన్నట్టు. కొన్ని నెలల్లో చిరిగి తీరుతుంది. ఇది ఉపేంద్రకి తెలియని సంగతి కాదు. అతనే నలుగురికి చెప్పే సంగతి.

కానీ ఆ సాయంత్రం ద్వారకానాథ్ గారు ఫోన్‌లో పంచాంగం తెరిచి పట్టుకుని నెత్తిన నిలబడ్డారు. నలభై ఏళ్ళు స్టెతస్కోపు మెడలో వేసుకున్న మనిషికి రాహుకాలం దగ్గర మాత్రం ఏ సైన్సూ గుర్తుకు రాదు. అది కూడా ఇండియా టైము కాదు, మెల్‌బోర్న్ సూర్యోదయానికి లెక్కగట్టిన టైము. "ఆరు ఇరవై ఎనిమిదికి వచ్చేస్తుందోయ్. వచ్చిందంటే పొద్దుగుంకేదాకా వదలదు. కొత్త సామాను వేసిన బండిని అందులో కదిలిస్తామా!" సీతాదేవి పెరట్లో చెట్టు నుంచి నాలుగు నిమ్మకాయలు కోసుకొచ్చి, చక్రాల కింద పెట్టడానికి కొంగులో పట్టుకుని నిలబడింది. అప్పటికి ఆరూ అయిదు. దించి, ర్యాంపుల మీదికి ఎక్కించి, కింద దూరి బిగించాలంటే తక్కువలో తక్కువ గంట. ఉపేంద్ర ఒక్క క్షణం స్పానర్ పట్టుకుని ఆగాడు. "రేపు సాయంత్రం వచ్చి వదులుచేసి మళ్ళీ బిగిస్తే సరిపోదా" అనుకున్నాడు. స్టాండ్ల మీదే, గాల్లోనే, అన్నీ బిగించేశాడు. ఆరూ ఇరవైకి నిమ్మకాయలు చిట్లాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఫ్యాక్టరీలో కన్వేయర్ విరిగింది. ఆ మర్నాడు ఇంకోటి. చక్రాల అలైన్‌మెంట్ చేసినవాడు వాటి దిశ సరిచేసే టై రాడ్లు తిప్పి చూసుకున్నాడే గానీ ఆర్ముల బోల్టుల జోలికి పోలేదు, అది వాడి పనీ కాదు. ఈలోగా సీతాదేవి ఫోన్ చేసింది. "ఉపేంద్రా, బండి పువ్వులా పోతోందిరా! కూ వీ రప్ పొలాల దాకా వెళ్ళి ఆస్పరాగస్ కట్టలు తెచ్చాను, నీకు రెండు ఉంచాను. పైకప్పు తెరిచి వెళ్తుంటే ట్రాక్టర్ మీద ఉన్న ముసలాయన టోపీ ఎత్తాడు తెలుసా?" ఇంత సంతోషంగా ఉన్న మనిషికి, "అక్కా, అది సగం పనే, తీసుకురండి, మళ్ళీ విప్పాలి" అని చెప్పడానికి నోరు రాలేదు. నోరు రాకపోవడం అన్నది పెద్దమనిషి మాట. నామోషీ అడ్డొచ్చింది, అంతే.

జనవరిలో ఆవిడే వచ్చింది. "బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోందిరా, ఎడమకి లాగుతోంది." ఉపేంద్ర బండిని వీధి చుట్టూ ఒక రౌండు మెల్లిగా తిప్పి తెచ్చాడు. నలభైలో పోతే ఏం తెలుస్తుంది? "ఏం లేదక్కా, మన రోడ్లే అలా ఉన్నాయి" అన్నాడు. ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే మాట.

అక్కడితో ఆగినా బాగుండేది. ఉగాదికి రిజర్వు పార్కులో తెలుగువాళ్ళంతా బార్బెక్యూ పెట్టుకున్నారు. యాభై మంది దాకా ఉన్నారు. సీతాదేవి ఎవరికో స్టీరింగ్ సంగతి చెబుతుంటే, ఉపేంద్ర చేతిలో ప్లేటుతో పక్కన నిలబడి, నవ్వుతూ, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మా అక్క వ్యవహారం. మద్దెల బ్రహ్మాండంగా ఉందండీ, నాదీ గ్యారంటీ. చేతులే కొంచెం..." అని తన చెయ్యి వణికించి చూపించాడు. అందరూ పగలబడి నవ్వారు. సీతాదేవి కూడా నవ్వింది. నవ్వి, ఎవరూ చూడట్లేదనుకుని, తన రెండు చేతుల్నీ ఒళ్ళో పెట్టుకుని ఒకసారి చూసుకుంది. ఉపేంద్ర చూశాడు.

రెండు వారాల తరవాత ఆవిడ చెరువు పక్క రోడ్డు మీద బాతులు దాటుతుంటే గట్టిగా బ్రేకు వేసింది. బండి ఎడమకి దూకి, ఎవరిదో ఇటుకల లెటర్‌బాక్స్‌ని పడగొట్టింది. బాతులకేం కాలేదు, ఆవిడకీ దెబ్బలేం తగల్లేదు. ఆ సాయంత్రమే బావగారు తాళాలు తన జేబులో వేసుకున్నారు. డాక్టరు బండి విషయంలో ఇంజినీరు మాట నమ్మాడు. ఇంజినీరు తన తప్పు కప్పుకోడానికి ఆవిడ చేతుల మీదికి నెట్టాడు. ఇద్దరు చదువుకున్న మగవాళ్ళ మధ్య, స్టీరింగ్ పట్టుకున్న మనిషి చెప్పిన మాట మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు. మద్దెల నిజంగానే ఓడు.

శనివారం పన్నెండు లోపల డాండినాంగ్ వెళ్ళి ఉపేంద్ర కొత్త బుష్‌లు తెచ్చి ఫ్రీజర్‌లో పెట్టాడు. మధ్యాహ్నం నీలిమ కరివేపాకు కోసమని ఫ్రీజర్ తెరిచింది.

"మళ్ళీ ఇవేంటి? నవంబర్లోనేగా వేశావు?"

"అవి... కంపెనీ లోపం అయ్యుంటుంది."

"ఏ కంపెనీ?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఉపేంద్ర అడగని వాటికి కూడా సమాధానాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఎండలన్నాడు, రోడ్లన్నాడు, రబ్బరు నాణ్యత అన్నాడు. నీలిమ ఫ్రీజర్ తలుపు పట్టుకునే ఉంది. పదిహేడేళ్ళ కాపురం, ఆవిడకి ఆ ముఖం కొత్తా? "నిజం చెప్పు" అంది. చెప్పాడు.

నీలిమ ఫ్రీజర్ తలుపు మెల్లిగా మూసింది. అరిస్తే బాగుండు అనుకున్నాడతను. "అక్కకి చెప్పావా?" అంది.

"ముందు బండి సరిచేసి, అప్పుడు..."

"బండికేం, ఎన్నాళ్ళైనా స్టాండ్ల మీద ఉంటుంది. ఆవిడ మొన్న నాకు ఫోన్ చేసి ఏమడిగిందో తెలుసా? తనకి ఆ జబ్బే అయితే, చేతులు మొత్తం పోకముందే అక్షరకి ఒక స్వెటర్ అల్లి పంపాలట, లేత రంగు బాగుంటుందా ముదురు రంగా అని."

అక్షర వాళ్ళ మనవరాలు, డార్విన్‌లో ఉంటుంది. అక్కడి ఎండల్లో స్వెటర్ ఎవరు వేసుకుంటారు? ఆ సంగతి సీతాదేవికి తెలియక కాదు. ఉపేంద్ర గరాజ్‌లోకి వెళ్ళిపోయాడు.

చెప్పేస్తే బాగుండేది, ఆ క్షణమే వెళ్ళి. వెళ్ళలేదు. చూశారా మనిషి బుద్ధి! శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దుట్నించి మధ్యాహ్నం దాకా, ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడు. బుష్‌లు మార్చాడు, చక్రాలు వేశాడు, బండి దించాడు, రెండు గజాలు ముందుకీ వెనక్కీ దొర్లించాడు, ర్యాంపులెక్కించాడు, కింద దూరి బండి బరువు చక్రాల మీద ఉండగా ఒక్కో బోల్టూ బిగించాడు. ఈసారి లోపం పట్టే మొనగాడు లేడు. తరవాత హైవే మీద వందలో పోయి, వెనక ఎవరూ లేనప్పుడు గట్టిగా బ్రేకు తొక్కాడు. గీత గీసినట్టు నిలబడింది. అప్పుడు ఒక పాడు ఆలోచన వచ్చింది. బండి బాగైపోయింది కదా, బుధవారం అమ్ముడుపోతుంది, న్యూరాలజిస్ట్ ఎలాగూ ఏం లేదనే చెబుతాడు, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, ఇంటికి వచ్చేదాకా దాన్ని వదల్లేదు. ఇంటి ముందు బండి ఆపాక తన మీద తనకే రోత పుట్టింది.

సోమవారం సగం రోజు సెలవు పెట్టి, ఎర్ర కారులోనే వాళ్ళింటికి వెళ్ళాడు. బావగారు నడకకి వెళ్ళారు. సీతాదేవి వంటింటి టేబుల్ దగ్గర నోట్‌బుక్ ముందేసుకుని కూర్చుంది. పేజీ నిండా పెన్నుతో గుండ్రంగా లోపలి నుంచి బయటికి తిరిగే చుట్లు గీసి ఉన్నాయి.

"రోజుకి పది గియ్యమన్నారు మీ బావగారు. చేతులు ఎలా ఉన్నాయో వీటిలో తెలుస్తుందట" అంది. "చూడు, మొదటి రోజువి ఎంత శుభ్రంగా ఉన్నాయో. నిన్నటివి చూడు." నిన్నటివి అంచులు వంకరపోయి ఉన్నాయి. ఆవిడ పెన్ను టేబుల్ మీద పెట్టింది. ఉపేంద్ర ఆ వేళ్ళకేసి చూశాడు. సన్నగా, నిజంగానే వణుకుతున్నాయి.

భయానికి వణుకుతున్నాయి. ఆ భయం పెట్టింది తను.

"అక్కా, మీ చేతులకేం లేదు."

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావు?"

"బండిలోనే ఉంది. నా తప్పే. నవంబర్లో బోల్టులు బండి దించాక బిగించాలి, నేను గాల్లోనే బిగించేశాను. రబ్బరు చిరిగిపోయింది. అందుకే వణికింది, అందుకే లాగింది. ఆ లెటర్‌బాక్స్ పడగొట్టింది మీరు కాదు, నేను." ఇంత గుక్క తిప్పుకోకుండా చెప్పి, తలొంచుకుని నిలబడ్డాడు.

సీతాదేవి నోట్‌బుక్ మూసింది. పాతికేళ్ళు పిల్లల చేత తప్పులు ఒప్పించిన టీచరు. గొంతు పెంచలేదు.

"ఎప్పుడు తెలిసింది?"

"మొన్న శనివారం."

"శనివారం బుష్ చూశావు. తప్పని ఎప్పుడు తెలిసింది?"

"...నవంబర్లోనే అక్కా. బిగిస్తున్నప్పుడే."

"జనవరిలో నీ దగ్గరికి వచ్చాను. ఎత్తి చూశావా?"

"లేదు."

"ఫిబ్రవరిలో?"

"లేదు."

"ఎందుకు చూళ్ళేదు?"

"ఎత్తితే కనబడుతుందని."

ఆవిడ ముఖం ఒక్కసారి వాడిపోయింది. తిట్టినా, చెంప మీద కొట్టినా ఉపేంద్ర ఇంత కుంగేవాడు కాదు. "పొద్దున్న లేవగానే దేవుడి ముఖం చూసే అలవాటురా నాకు" అంది మెల్లిగా. "ఉగాది నుంచి చేతులు చూసుకుంటున్నాను."

అప్పుడే ద్వారకానాథ్ గారు చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చారు. "రండి. ఉపేంద్ర మీకేదో చెబుతాడట" అంది సీతాదేవి. ఉపేంద్ర మొదటి నుంచీ మళ్ళీ చెప్పాడు. రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది. అది విని బావగారు గోడ పట్టుకుని కూర్చున్నారు. ముందు నవ్వు వచ్చింది, నవ్వుతోనే కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"అమ్మయ్య! ఓరి నీ దుంపతెగ, నాలుగు వారాలుగా నాకు నిద్ర లేదు కదోయ్! బండేనా? ఉత్త రబ్బరేనా?" లేచి ఉపేంద్ర భుజం మీద చెయ్యి వేశారు. "పోనీలే, ఊరుకో. అయినా నీదొక్కడిదే ఎలా అవుతుంది, రాహుకాలం అని తొందర పెట్టింది నేనేగా. సగం నాది. రేపటి అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసేద్దాం."

ఉపేంద్ర గుండె కాస్త తేలికపడింది. బావగారు ఎంత మంచి మనిషి అనుకున్నాడు కూడా.

"అయిపోయిందా?" అంది సీతాదేవి. "నీది సగం, నాది సగం అని ఇద్దరూ పంచేసుకున్నారా? బండి బాగుందని తేల్చినప్పుడూ మీరిద్దరే, నా చేతులు బాగాలేవని తేల్చినప్పుడూ మీరిద్దరే. ఇప్పుడు క్షమించుకోవడం కూడా మీరిద్దరేనా? నేనీ ఇంట్లో ఉన్నానా అసలు?"

ఆవిడ ఉపేంద్ర వైపు తిరిగింది.

"ఉగాది నాడు యాభై మంది ముందు అన్న మాట, ఆ యాభై మంది ముందే వెనక్కి తీసుకోవాలి నువ్వు. వాట్సాప్‌లో కాదు. ఎదురుగా, నోటితో."

"అలాగే అక్కా."

"తాళాలు ఇలా ఇవ్వు."

ఆవిడ చెప్పులేసుకుని బయటికి నడిచింది. ఉపేంద్ర వెనకాలే వెళ్ళి పక్క సీట్లో ఒదిగి కూర్చున్నాడు. ఆవిడ సీటు ముందుకి జరుపుకుంది, అద్దం సరిచేసుకుంది, బెల్టు పెట్టుకుంది. రెండు వీధులు దాటి, ఇళ్ళు ఇంకా కట్టని కొత్త ఎస్టేట్ రోడ్డు మీదికి తిప్పింది. తిన్నటి రోడ్డు, అటూ ఇటూ ఖాళీ ప్లాట్లు, మనిషి లేడు. గేరు మార్చేటప్పుడు ఆ చెయ్యి తడబడలేదు. అరవైకి వచ్చింది. ఉపేంద్ర ఆవిడ ముఖంలోకి చూశాడు. పెదవుల మీద మళ్ళీ ఆ పాత నవ్వు, కూ వీ రప్ నవ్వు, రాబోతున్నట్టే ఉంది. ఇక చాలు, గండం గడిచింది అనుకున్నాడు.

"తొక్కుతున్నాను" అని ఆవిడ గట్టిగా బ్రేకు వేసింది.

బండి కుడికి పోయింది. మధ్యలో ఉన్న తెల్లగీత దాటి, ఎదుటి వాహనాలు వచ్చే వైపు సగం దాకా వెళ్ళి ఆగింది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

సీతాదేవి చేతులు స్టీరింగ్‌ని తెల్లబడేలా పట్టుకుని ఉన్నాయి.

"బాగుచేశానన్నావు" అంది. "చూశావా? బండి కాదురా. నేనే. నన్ను ఊరడించడానికి ఇద్దరూ కలిసి కథ అల్లారా?"

"కాదక్కా! ఒట్టు!" అన్నాడు ఉపేంద్ర. అప్పటికే ఆ చేతులకేసి చూస్తున్నాడు. స్టీరింగ్ తిన్నగా లేదు. ఆవిడ దాన్ని కుడికి వంచి పట్టుకుని ఉంది. మూడు నెలల పాటు బ్రేకు తొక్కినప్పుడల్లా బండి ఎడమకి లాగితే, ఆవిడ చేతులు కుడికి లాగి దాన్ని నిలబెట్టాయి. ఇప్పుడు బండి లాగడం పోయింది, చేతులు లాగడం మిగిలిపోయింది. రబ్బరు మార్చాడు గానీ, అతని తప్పు అప్పటికే బండి దిగి ఆవిడ చేతుల్లోకి ఎక్కి కూర్చుంది. ఎదురుగా ఏ లారీయో వచ్చి ఉంటే?

"అది కూడా నేనే అక్కా" అన్నాడు. ఏడుపు ఆగలేదు. యాభై రెండేళ్ళ మనిషి, ఇరుకు సీట్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, వెక్కి వెక్కి ఏడ్చాడు. "చేతులు చూడండి, ఎటు పట్టుకున్నారో చూడండి. అది ఎడమకి లాగుతుందని మీరు ముందే కుడికి పట్టుకున్నారు. అలా నేర్పింది నేనే."

సీతాదేవి కిందకి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత వేళ్ళు ఒక్కొక్కటే సడలించింది. స్టీరింగ్ దానంతటదే కొంచెం ఎడమకి తిరిగి, తిన్నగా నిలబడింది.

ఆవిడ అతన్ని ఊరుకోమని అనలేదు. బండిని వెనక్కి తీసి, తమ వైపుకి తెచ్చి, రోడ్డు మొదటికి తిప్పుకుని వచ్చింది. మళ్ళీ అరవైకి తెచ్చి బ్రేకు వేసింది. మళ్ళీ కుడికే పోయింది, ఈసారి కొంచెం తక్కువ. మూడోసారి వేసింది. నాలుగోసారి వేసింది. ఉపేంద్ర ప్రతిసారీ ఆ చేతులకేసే చూస్తూ కూర్చున్నాడు. చూపు తిప్పుకునే హక్కు తనకి లేదనిపించింది.